భద్రంగా ఉన్నాయి, మరి బతుకుతున్నాయా?

ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,
కృషక్ నగర్, రాయ్‌పూర్.

అయ్యా,

మీ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆర్.హెచ్. రిచ్ఛారియా పేరు పెట్టుకున్న పరిశోధనశాల ఉంది. 23,000కు పైగా వరి రకాలు మీ దగ్గర విత్తన రూపంలో ఉన్నాయి. ఒకే పంటకు సంబంధించి ఇంత సంపద ఒక్క చోట ఉన్న విశ్వవిద్యాలయాలు లోకంలో చాలా తక్కువ. రాయ్‌పూర్‌లో బతుకుతున్న తెలుగువాడిగా నాకు దాని మీద గౌరవం ఉంది, గర్వం కూడా ఉంది. ఆ గౌరవంతోనే ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఈ రకాలను మీరు ప్రిజర్వ్ చేస్తున్నారా, కన్సర్వ్ చేస్తున్నారా?

ఈ రెండు ఇంగ్లీషు మాటల్నీ మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. తెలుగు పత్రికల్లో రెండూ పరిరక్షణే, హిందీ పత్రికల్లో రెండూ సంరక్షణే. పుట్టుక చూసినా రెండూ కాపాడడమనే అర్థమున్న ఒకే లాటిన్ ధాతువు నుంచి వచ్చినవే. వాడుకలో మాత్రం దారులు వేరయ్యాయి. పండును పాకం పట్టి సీసాలో నిలవ చేస్తే ఇంగ్లీషువాళ్ళు దాన్ని ప్రిజర్వ్ అంటారు. మన జాడీలో ఆవకాయ కూడా ఆ కోవలోదే. కాయను కోసి, ఉప్పు, కారం, నూనె పట్టించి, మార్పు రాకుండా ఆపుతాం. జాడీ ఎంత భద్రంగా ఉన్నా పెరట్లో మామిడి చెట్టు వచ్చే ఏడు కాస్తుందన్న పూచీ దానికి లేదు. చెట్టు కాపు తప్పకుండా చూసుకుంటూ, కాయల్ని వాడుకుంటూ, ఆ జాతిని తర్వాతి తరానికి అందించే పని కన్సర్వ్. ఒకటి మార్పును ఆపి కాపాడుతుంది. ఇంకోటి మార్పుకు చోటిచ్చి కాపాడుతుంది.

అమెరికాలో నూరేళ్ళ క్రితం ఈ తేడా మీద పెద్ద తగువే నడిచింది. యోసెమిటీలోని హెచ్ హెచీ లోయను ముట్టుకోకుండా అలాగే ఉంచాలని జాన్ మ్యూర్ పోరాడాడు. ప్రకృతిని జాగ్రత్తగా వాడుకోవడమే కాపాడుకోవడమని అటవీ శాఖకు తొలి అధిపతిగా పనిచేసిన గిఫర్డ్ పింషో వాదించాడు. 1913లో శాన్ ఫ్రాన్సిస్కో నీళ్ళ కోసం ఆ లోయలో ఆనకట్ట కట్టడానికి అనుమతి వచ్చింది. మ్యూర్ ఓడిపోయాడు. అడవి విషయంలో నా మనసు మ్యూర్ వైపే. వరి విషయంలో అలా కాదు. వరిని మనిషి చెయ్యి ముట్టుకోకపోతే అది వరిగా మిగలదు. కొన్ని వేల ఏళ్ళుగా దున్ని, చల్లి, కోసి, ఏరి, దాచి, మళ్ళీ చల్లిన చేతుల్లోనే అది రూపు దిద్దుకుంది.

అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందం కూడా ఈ మాటే చెప్పింది. 1992 నాటి ఆ ఒప్పందంలో మన దేశం భాగస్వామి. సాగు చేసే మొక్కల్ని సొంత చోట కాపాడడమంటే, అవి తమ ప్రత్యేక గుణాలు సంతరించుకున్న పరిసరాల్లోనే కాపాడడమని అందులో నిర్వచనం ఉంది. సొంత చోటుకు వెలుపల, అంటే విత్తన బ్యాంకుల వంటి చోట్ల చేసే పని ప్రధానంగా దానికి తోడుగా ఉండాలని తొమ్మిదో అధికరణం అంటుంది. ఇప్పుడు మన దగ్గర ఆ తోడు పనే అసలు పని అయి కూర్చుందని నా బాధ.

అయ్యా, ఈ సేకరణ చరిత్ర మీకు తెలియనిది కాదు. నా లేఖ చదివే తెలుగువాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రిచ్ఛారియా గారు కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు 1959 నుంచి డైరెక్టరుగా ఉన్నారు. పొట్టి వరి రకాల విత్తనాన్ని విదేశాల నుంచి పెద్ద ఎత్తున దింపితే వాటితోపాటు తెగుళ్ళూ పురుగులూ వస్తాయని అడ్డు చెప్పారు. 1960ల మధ్యలో ఆ పదవి పోయింది. తర్వాత రాయ్‌పూర్ వచ్చి, అప్పటి మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థను నడిపారు. చేతిలో డబ్బు లేదు, సిబ్బంది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే. ఆ కొద్దిమందితోనే ఊరూరూ తిరిగి సుమారు 19,000 రకాలు పోగుచేశారు. వాటిని పండించి చూస్తే, పదో వంతుకు కాస్త తక్కువ నాటు రకాలు హెక్టారుకు 3,700 కిలోలకు పైగా దిగుబడి ఇచ్చాయని ఆయన లెక్క తేల్చారు. నాటు వరి పండదని తేలిగ్గా అనేసేవాళ్ళు ఈ లెక్క చూడాలి. 1970ల్లోనే ఆ సంస్థను మూసేశారు, సేకరణను ఆయన చేతుల్లోంచి తీసేసుకున్నారు. 1986లో రచయిత క్లాడ్ ఆల్వారెస్ ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’ పత్రికలో ఈ కథంతా రాశాకే దేశంలో చాలామందికి ఆయన పేరు తెలిసింది. మీ విశ్వవిద్యాలయం ఆ మరుసటి ఏడు, 1987లో పుట్టింది.

రిచ్ఛారియా గారిని సేకరణకర్త అనే గుర్తు పెట్టుకుంటే సగం మనిషినే గుర్తు పెట్టుకున్నట్టు. 1983లో ప్రధాని ఇందిరా గాంధీ అడిగితే ఆయన వరి సాగు కోసం ఒక కార్యాచరణ ప్రణాళిక రాసిచ్చారు. అందులో ఆయన కోరినవి పెద్ద పెద్ద శీతల గదులు కావు. ఏ ప్రాంతపు వరిని ఆ ప్రాంతంలోనే, అక్కడి రైతుల చేతుల మీదుగా పండిస్తూ, ఎంపిక చేస్తూ, నిలుపుతూ పోయే చిన్న చిన్న వరి కేంద్రాల గొలుసును కోరారు. ప్రణాళిక అడిగిన ప్రధాని పేరు మీ విశ్వవిద్యాలయానికి ఉంది, రాసిచ్చిన శాస్త్రవేత్త పేరు మీ పరిశోధనశాలకు ఉంది. ఆ ప్రణాళికను చేతికి తీసుకునే హక్కు మీకంటే ఎవరికి ఎక్కువ?

నేను విత్తన బ్యాంకుకు వ్యతిరేకిని కాను. గింజ లోపల పిండం నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఉంటుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందని, చుట్టూ వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్ళీ రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో హారింగ్టన్ పేరు మీద ఒక లెక్క ఉంది. అందుకే బాగా ఎండబెట్టి, గాలి చొరని పొట్లాల్లో మూసి, సున్నాకు దిగువన 18, 20 డిగ్రీల చలిలో పెడితే వడ్లు దశాబ్దాల పాటు మొలకశక్తి పోకుండా ఉంటాయి. రైతు ఇంట్లోనైతే రెండు మూడు వానలు దాటేసరికి మొలక శాతం పడిపోతుంది. ఒక్క కరువు ఏడాది ఆ విత్తనాన్ని తినేశారంటే రకం పోయినట్టే. అలా పోయినవి ఎన్నో! రిచ్ఛారియా బృందం ఆనాడు తిరక్కపోయి ఉంటే మీ గదిలో ఉన్నవాటిలో చాలా వాటికి ఇవాళ పేరు కూడా మిగిలేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో, అక్కడి విత్తన సేకరణను కాపాడుతున్న వావిలోవ్ సంస్థ శాస్త్రవేత్తలు విత్తనాల మధ్యే ఆకలితో చనిపోయారు. వరి విభాగం చూసే ద్మిత్రి ఇవానోవ్ వేల వరి పొట్లాలు చుట్టూ ఉన్నా ఒక్క గింజ ముట్టకుండా ప్రాణం వదిలాడు. ఆ త్యాగానికి అర్థం ఉందని శాస్త్రం తర్వాత ఎన్నోసార్లు రుజువు చేసింది. 1970ల్లో ఆసియా వరిని గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు పట్టుకున్నప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న వేల రకాలను జల్లెడ పట్టింది. దాన్ని గట్టిగా తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒకే ఒక అడవి వరిలో దొరికింది. దాన్ని ఎవరో దాచి ఉంచబట్టే దొరికింది. కాబట్టి ప్రిజర్వ్ చేయడాన్ని తక్కువ చేసి మాట్లాడను. అక్కడితో పని అయిపోయిందనుకోవడమే ప్రమాదం.

చలి గదిలో ఏవి పట్టవో చూడండి. ఛత్తీస్‌గఢ్ రైతుకు నేల ఒక్కటి కాదు. రాళ్ళూ మొరమూ నిండిన భాటా, పసుపు ఛాయ ఇసుక కలిసిన మటాసీ, కొంచెం బరువైన డోర్సా, నల్లగా నీరు పట్టి ఉంచే కన్హార్. ఒకే ఊళ్ళో, ఒకే రైతుకు ఉన్న నాలుగు ముక్కల్లో నాలుగు రకాల నేలలుండొచ్చు. మెరక భాటాలో త్వరగా పండేసే వడ్లు, పల్లపు కన్హార్‌లో గుర్మటియా లాంటి ఆలస్యపు వడ్లు. రకం పేరు చెప్పగానే ఏ మడిలో, ఎప్పుడు, ఎలా వెయ్యాలో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉండేవారు. మీ దగ్గరున్న పొట్లం మీద ఒక నంబరు ఉంటుంది, బహుశా ఊరి పేరు కూడా ఉంటుంది. ఆ వడ్లు ఏ నేలను ఇష్టపడతాయో, బాలింతకు పెట్టేది ఏదో, అటుకులకు ఏది మంచిదో, చలిదన్నానికి ఏది ఆగుతుందో పొట్లంలో పట్టదు. అవి వండుకు తినే ఇళ్ళలోనే ఉంటాయి. వండడం మానేసిన ఒక తరంలోనే పోతాయి.

రెండో సంగతి మీ శాస్త్రవేత్తలకు నాకన్నా బాగా తెలుసు. నాటు రకం ఒకే అచ్చులో పోసినట్టు ఉండదు. ఒక మడిలో కొంచెం ముందు పండేవి, కొంచెం వెనక పండేవి, ఒక తెగులును తట్టుకునేవి, తట్టుకోలేనివి కలగలిసి ఉంటాయి. కరువు వస్తే కొన్ని నిలబడతాయి, పురుగు వస్తే ఇంకొన్ని. ఆ కలగలుపే దాని బలం. బ్యాంకులో విత్తనానికి వయసు మీరి మొలక తగ్గినప్పుడు, కొద్ది గింజలు తీసి పరిశోధన క్షేత్రంలో కొన్ని సాళ్ళు వేసి కొత్త విత్తనం తీస్తారు. కొద్ది గింజలే తీసినప్పుడు అరుదైన గుణాలు ప్రతిసారీ కొన్ని జారిపోతాయి. దీనికి తోడు, సర్గుజా కొండల వరినీ బస్తర్ మెరక వరినీ రాయ్‌పూర్ నీటి వసతిలో పెంచితే, రాయ్‌పూర్‌కు సరిపడే మొక్కలే ఎక్కువ గింజ ఇస్తాయి. పొట్లం మీద పేరు అదే. లోపల గింజ కొంచెం కొంచెంగా వేరే గింజ అవుతూ ఉంటుంది. బయట పొలాల్లో తెగుళ్ళూ వానలూ యాభై ఏళ్ళలో ఎంతో మారాయి. ఆ మార్పులకు అలవాటు పడే అవకాశం లోపలి విత్తనానికి రాలేదు.

ఇక్కడ నేను తెలుగువాడిగా మాట్లాడాలి, ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం కూడా అదే. మీ రాష్ట్రంలో ధాన్యం కొనుగోలు కేంద్రాల పద్దుల్లో వడ్లు మూడు రకాలు: మోటా, పత్లా, సర్నా. ఆ సర్నా అంటే మా స్వర్ణ. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి పుట్టించి, 1982లో ఎం.టి.యు. 7029 అన్న నంబరుతో విడుదల చేసిన వరి. మారుటేరుదే ఎం.టి.యు. 1010 కూడా ఇక్కడ విస్తారంగా వేస్తున్నారు. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న తెలుగు రైతులూ ఇవే వేస్తారు. స్వర్ణ కోట్ల మంది కడుపు నింపింది, ఆ శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కాలి. కానీ 23,000 రకాలున్న రాష్ట్రంలో తూకం దగ్గర మూడు గడులే మిగిలాయి, అందులో ఒక గడికి మా ఊరి వరి పేరే ఉంది. దుబ్రాజ్, బాద్‌షా భోగ్, విష్ణుభోగ్, లోహందీ, చిన్నోర్ లాంటి నాటు రకాలు ఖాళీ చేసిన మడుల్లోనే స్వర్ణ నిలబడింది. ఆ సంగతి తెలిసి తెలుగువాళ్ళం ఊరుకోకూడదనిపిస్తుంది.

మా దగ్గరా ఇదే జరిగింది. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, అట్రగడ, గరికసన్నవరి, కొనామణి, నెల్లూరు మొలగొలుకులు ఒకప్పుడు ఆంధ్ర దేశపు చేలల్లో పండేవి. ఇవాళ పిల్లలకు ఆ పేర్లు చెబితే ఊళ్ళ పేర్లనుకుంటారు.

అదే స్వర్ణ కథలో ఇంకో సగం ఉంది. స్వర్ణ నీట మునిగితే చచ్చిపోయేది. ఒడిశాలో పల్లపు పొలాల నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఏ అనే రకంలో, మునిగినా ఊపిరి బిగబట్టి బతికే జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1గా విడుదల చేశారు. ఇప్పుడది రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది. ఆ గుణం పరిశోధనశాలలో పుట్టలేదు. వరద వచ్చే పొలంలో, మునిగిన చేలో మిగిలిన నాలుగు దుబ్బుల గింజనే మరుసటి ఏడు విత్తనానికి ఉంచుకున్న రైతుల చేతుల్లో, ఎన్నో తరాల మీద పుట్టింది. గదిలో దాస్తే ఆ గుణం పోకుండా ఉంటుంది. కొత్త గుణం పుట్టాలంటే మాత్రం విత్తనం వరదలో మునగాలి, ఎండలో ఎండాలి.

తాళం ఎవరి దగ్గరుంటుందన్నది కూడా ఈ తేడాలోంచే వస్తుంది. 2002లో మీ విశ్వవిద్యాలయానికీ సింజెంటా విత్తన కంపెనీకీ మధ్య ఈ వరి సేకరణ మీద ఒప్పందం సంగతి బయటపడినప్పుడు ఛత్తీస్‌గఢ్ రైతులు, రచయితలు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆనాటి ఉద్యమం గెలిచినందుకు ఈ రాష్ట్రం గర్వపడొచ్చు. కానీ ఒక్క సంతకంతో అంత సంపద చేయి దాటిపోతుందని జనం భయపడాల్సి రావడానికి కారణం, అది ఒక్క చోటే ఉండడం. వేల గడపల్లో ఉన్న విత్తనాన్ని ఎవరూ ఒక్క కాగితం మీద రాసివ్వలేరు. విత్తనాన్ని దాచుకునే, వేసుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది. దాచుకోవడానికి చేతిలో విత్తనమంటూ ఉండాలి కదా.

మీరు ఏమీ చేయడం లేదని అనను. నగరీ దుబ్రాజ్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ మహానది పుట్టిన సిహావా కొండల దగ్గరి మహిళా బృందం పేరు మీద వచ్చింది. సర్గుజా జీరాఫూల్‌కు 2019లోనే దక్కింది. దుబ్రాజ్ ఎత్తుగా పెరిగి గాలికి పడిపోతుందని, భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి మీరు దాన్ని పొట్టి చేసి కొత్త రకం ఇచ్చారు. ఇవి మంచి పనులు. ఐతే ఇవన్నీ సువాసన ఉన్న, బజార్లో ధర పలికే బియ్యాలకే జరిగాయి. వాసన లేని, ముతకగా ఎర్రగా ఉండే, భాటా నేలలో రెండు వానలకే పండి పేద ఇంటి ఆకలి తీర్చే వడ్ల మాట ఎవరు ఎత్తుతారు? పరిశోధనశాల ఎత్తకపోతే వాటికి ఇంకెవరూ లేరు.

చేసి చూపినవాళ్ళు మనకు దూరంగా లేరు. రాయ్‌పూర్‌లో విజయనగరం వెళ్ళే రైలెక్కితే దారిలో రాయగడ వస్తుంది. ఆ జిల్లాలో దేబల్ దేబ్ అనే పర్యావరణ శాస్త్రవేత్త, చిన్న చేలో వెయ్యికి పైగా దేశవాళీ వరి రకాలను ప్రతి ఏటా విత్తి, కోసి, రైతులకు ఉచితంగా ఇస్తూ వచ్చారు. ఆయన వ్రీహి విత్తన బ్యాంకుకు చలి గది లేదు, చేనే బ్యాంకు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, చాలా వరకు దళిత రైతులు, జొన్న, కొర్ర, సామ విత్తనాలను బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతరగా ఊరూరా తిప్పుతారు. వాళ్ళ పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. దూర దేశాల్లోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన బ్యాంకు అందకుండా పోయినప్పుడు, దాన్ని నడిపిన ఇకార్డా సంస్థ 2015లో నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు విత్తన నిలవ నుంచి తన విత్తనాలను వెనక్కి తెప్పించుకుంది. తెప్పించుకుని ఇంకో ఫ్రీజర్‌లో పెట్టి ఊరుకోలేదు. లెబనాన్‌లో, మొరాకోలో చేలల్లో వేసి పెంచింది.

అయ్యా, మీ నుంచి నేను కోరేది ఇది. ప్రతి ఏటా విత్తనం కొత్తది తీయడానికి మీరు ఎలాగూ కొన్ని వేల సాళ్ళు వేయాలి. అందులో కొంత భాగాన్ని ఆ రకం పుట్టిన ఊరికే పంపండి. సేకరించినప్పుడు రాసుకున్న ఊరి పేర్లు మీ దగ్గర ఉన్నంత మేరకు, ఊరివారీ జాబితాను హిందీలో, ఛత్తీస్‌గఢీలో అచ్చువేసి పంచాయతీ గోడ మీద అంటించండి. తమ తాతలు వేసిన వడ్లు రాయ్‌పూర్‌లో ఉన్నాయన్న సంగతి చాలా ఊళ్ళకు తెలియదు. అడిగిన రైతుకు పిడికెడు విత్తనమైనా ఇచ్చి, పండాక రెండు పిడికెళ్ళు తిరిగి ఇమ్మని చెప్పండి, ఒకటి మీ గదికి, ఒకటి పక్క ఊరికి. పండించిన రైతు ఏం గమనించాడో అతని మాటల్లోనే రాయించి పొట్లంతో జత చేయండి.

ధర మాట ప్రభుత్వంతో మీరే ఎత్తాలి. 2023 నుంచి ఎకరానికి 21 క్వింటాళ్ళ దాకా, క్వింటాలు 3,100 రూపాయలకు ప్రభుత్వం కొంటోంది. రైతుకు ఇది చాలా పెద్ద ఆసరా, దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. కానీ ఎకరానికి 10, 12 క్వింటాళ్ళు పండే నాటు వరికి కూడా అదే ధర కట్టినంత కాలం, దాన్ని వేసిన రైతు తన జేబులోంచి నష్టం భరిస్తూ రాష్ట్ర సంపదను కాపాడుతున్నట్టు లెక్క. మీ నిపుణుల సంతకంతో, దేశవాళీ రకాల కోసం పద్దులో నాలుగో గడి ఒకటి పెట్టించండి. ఆ బియ్యాన్ని బడి భోజనాలకు, అంగన్‌వాడీలకు తీసుకోమని చెప్పండి.

ఇక్కడి పల్లెల్లో అక్తీ నాడు, అంటే మన అక్షయ తదియ నాడు, రైతులు ఆకు దొన్నెల్లో విత్తన వడ్లు పట్టుకుని ఠాకుర్ దేవ్ దగ్గరికి వెళ్తారు. ఆ తర్వాతే విత్తడం మొదలవుతుంది. రాబోయే అక్తీకి ధమ్‌తరీ, సర్గుజా, బస్తర్ జిల్లాల్లో పది ఊళ్ళు ఎంచుకుని, ఆ ఊళ్ళ పేర్లున్న పొట్లాలను ఆ ఊళ్ళకే పంపితే మొదటి ఖరీఫ్‌లోనే పని కనిపిస్తుంది. ఈ లేఖ హిందీ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. విత్తనాల లెక్కకూ ఊళ్ళ జాబితాకూ మనిషి సాయం కావలసి వస్తే, రాయ్‌పూర్ తెలుగువాళ్ళలో వ్యవసాయం తెలిసినవాళ్ళూ, రైల్వేల్లో పద్దులు రాసి రిటైరైనవాళ్ళూ ఉన్నారు. కబురు చేయండి, వస్తాం.

ఇట్లు,
రాయ్‌పూర్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు